బియ్యంల రాసిన పేరు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటదని మా వాడకట్టు మొత్తం అంటది. ఉంటది, నేనేం కాదన్ననా? ఏడాదికోసారి పెండ్లాన్ని ఎంబడివెట్టుకొని పోలీసు కచేరికి పోయి, "సాహెబ్, ఈమె నా పెండ్లామే, ఇంకొక్క ఏడు నా ఇంట్ల ఉండనియ్యుండ్రి" అని చేతులు కట్టుకొని అడిగినోనికి ఎరుక, కోపమెందుకస్తదో. దొంగతనం చేసిన్నా? ఎవ్వని భూమన్న మింగిన్నా? పెండ్లి చేసుకున్న. గంతే నేను చేసిన తప్పు.

మా ఇంటామె థాయ్‌లాండ్ మనిషి. మాది నాందేడ్ల, ఇత్వారా బజార్ల బట్టల దుకాణం. మూడు తరాల సంది ఈడనే ఉన్న తెలుగోళ్లం. గిరాకీతోని మరాఠీ, గల్లీల హిందీ, ఇంట్ల తెలుగు. డెబ్బయిల మొదట్ల బాపుతోని కొట్లాడి, దూరపు చుట్టమొకాయన రమ్మంటె బ్యాంకాక్ పోయి ఆయన బట్టల దుకాణంల పనికి కుదిరిన. దుకాణానికి ఎదురుంగ నాలుగు కుట్టుమిషిన్లు పెట్టుకున్న చిన్న కొట్టు ఉండె. ఆ కొట్టుల అంగీలు, లాగులు కుట్టే పిల్లనే ఈమె. రెండేండ్లు నేను తాన్లు మోసుకపోయి ఇచ్చుడు, బట్ట తక్కువచ్చిందని ఆమెతోని తిట్లు తినుడు, అట్లట్ల పెండ్లిదాక అచ్చింది. ఆడి సర్కారు దఫ్తర్ల ఇద్దరం సంతకాలు చేసినం. ఆరు నెలలు గాలే, బాపుకు పక్షవాతం కొట్టిందని తార్ అచ్చింది. పెండ్లి కాయిదం మీద ఆమెకు విసా తీసుకొని, కలకత్తాల దిగి, రైళ్లు మారుకుంట నాందేడ్ చేరినం. ఆ విసాకు గడువు ఏడాదే. గడువు తీరకముందే పరదేశీల కాయిదాలు చూసే కచేరిల అర్జీ పెట్టి పొడిగించుకోవాలె. లేకుంటె ఆమె దేశం ఇడిచిపోవాలె.

స్టేషన్ల మా అమ్మ ఆమెను కిందికెళ్లి మీదిదాక చూసింది. ఏడ్వలే, తిట్టలే. "అన్నం తింటదా?" అని అడిగింది. తింటదన్న. "అయితె నడువుండ్రి" అన్నది. మా అమ్మంత మంచిది దునియాల లేదని మురిసిపోయిన. మూడు దినాలు గాకముందే ఎరుకైంది, అమ్మ లెక్క వేరే ఉన్నదని.

అప్పటికి మా చెల్లెకు ధర్మాబాద్ గల్లామండిల ధాన్యం యాపారం చేసే ఇంటికెళ్లి సంబంధం మాట్లాడుతుండ్రు. అన్న పరదేశీదాన్ని కట్టుకొచ్చిండంటె ఎవలన్న పిల్లను చేసుకుంటరా అని అమ్మ భయం. అందుకని వాడకట్టుల ఒక కథ చెప్పింది. "మనోళ్లే. వాళ్ల తాత చాయపత్తి యాపారానికి అస్సాం పోయి ఆన్నే ఉండిపోయిండు. గా నీళ్లకు మొఖాలు గట్లనే అయితయట." ఎంత నిమ్మళంగ చెప్పిందో! నేను పక్కనే ఉన్న. నోరు తెరువలే. ఇప్పటికీ తల్సుకుంటె నా చెంప నేనే వాయించుకోబుద్ధయితది.

ఆమెకు మా పద్ధతిల మళ్లొకసారి పెండ్లి చేసిండ్రు. ఈడ మరాఠోళ్లల్ల ఒక రివాజుంది. పెండ్లి నాడు పళ్లెంల బియ్యం పోసి, పెండ్లికొడుకు బంగారపుటుంగరంతోని పిల్లకు కొత్త పేరు రాస్తడు. ఆ దినం సంది పుట్టింటి పేరు పోయి అదే పేరు నిలుస్తది. తరాల సంది కలిసి ఉంటున్నం గదా, మా తెలుగోళ్లు గుడ అదే పట్టుకున్నరు. మా అమ్మ పేరు బాపు బియ్యంల రాసిందే. నాకు అమ్మ ముందుగాలనే చెప్పి పెట్టింది ఏం రాయాలెనో. రాసిన. ఆమె వంగి చూసి, ఏదో దీవెన అనుకొని దండం పెట్టింది. తెల్లారి అందరు ఆ పేరుతోనే పిలుస్తుంటె, ఎవలను పిలుస్తుండ్రని నన్నే అడిగింది.

ఇగ అమ్మ ఆమెను చెక్కుడు మొదలువెట్టింది. మెడదాక కత్తిరిచ్చిన ఎంటికలు పెంచి, నూనె పెట్టి జడేసింది. ముక్కు కుట్టిచ్చింది. చీర కట్టుడు నేర్పింది. పుంటికూర ఆమెకు మస్తు నచ్చింది, అందుట్ల రెండు ఎండురొయ్యలు పడితె ఇంకా బాగుంటుండె అన్నది పాపం. మా ఇంట్ల నీసు ముట్టరు, అమ్మ ఇంటె ఇల్లంత కడుగుతదని నేనే నోరు మూసుకోమన్న. ఏడాది తిరిగేసరికి ఆమె తెలుగు మాట్లాడింది, రెండో ఏడు కూరగాయలామెలతోని మరాఠీల బేరం చేసింది. కారం మాత్రం మాకంటె ఎక్కువే తింటుండె. బాపు పోయిండు, చెల్లె పెండ్లయింది, మాకు ఆడపిల్ల పుట్టింది.

మూడేండ్లు అర్జీకి ఇబ్బంది కాలే. కచేరిల పాత హవల్దార్ ఉండె. పాస్‌పోర్టు చూసి, ఠప్పా గుద్ది, "బరాయ్, మంచిది, మళ్లొచ్చే సాలు రాండ్రి" అని పంపుతుండె. నాలుగో ఏడు సాహెబ్ మారిండు. కొత్తాయన కాయిదం మనిషి. చిరునామాకు రేషన్ కార్డు అడిగిండు, పెండ్లికి ఈడి రుజువు అడిగిండు. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది, అమ్మ చేసిన పెండ్లి కాయిదం, రేషన్ కార్డు రెండు తీసి అర్జీకి కుట్టిన. రెండిట్ల బియ్యంల రాసిన పేరే ఉన్నది. పాస్‌పోర్టుల ఆమె అసలు పేరుంది. సాహెబ్ అటు చూసిండు, ఇటు చూసిండు. పంచనామా కావాలన్నడు. అంటె హవల్దార్ గల్లీకొచ్చి, ఐదుగురు పెద్దమనుషులను నిలబెట్టి, ఫలానా థాయ్‌లాండ్ ఆడమనిషి ఫలానాయన పెండ్లాంగ ఈ ఇంట్ల ఉంటుందా అని అడిగి రాసుకపోవాలె.

హవల్దార్ అచ్చిన దినం నేను ముద్ఖేడ్ పోయిన, పెండ్లి బట్టలు దించనీకి. ఆమె పిల్లకు జరం అని దవాఖానకు పోయింది. ఇంట్ల అమ్మ ఒక్కతే ఉన్నది. హవల్దార్ మా ఇంటి ముంగట నిలబడి, ఎదురుంగ ఇత్తడి గిన్నెల దుకాణం కాకాను, ఇంకో నలుగురిని పిలిచిండు. ఆ కాకా బాపుకు చిన్ననాటి దోస్తు, గల్లీల ఆయన మాటకు ఎదురు లేదు. హవల్దార్ పాస్‌పోర్టుల పేరు చదివి, ఈమె ఈడ ఉంటదా అన్నడు. కాకా లేచి ఎగిరిండట. "ఎవడు చెప్పిండు నీకు? మా గల్లీల పరదేశీలు లేరు, గిరదేశీలు లేరు. గీ ఇంటి కోడలు అస్సాం పిల్ల, మనోళ్లే. పేరు గిది. మంచి ఇంటి మీద మన్ను పోస్తుండ్రా?" మిగిలినోళ్లు తలలూపిండ్రు. ఐదుగురు సంతకాలు చేసిండ్రు. అమ్మ తలుపు చాటున నిలబడి మొత్తం ఇన్నది. బయటికి రాలే. నాకు గుడ చెప్పలే.

ఎనిమిది దినాలకు కాయిదం అచ్చింది. సదరు పరదేశీ స్త్రీ సదరు ఇంట్ల ఉంటలేదని పంచుల సాక్ష్యం, అర్జీ నామంజూర్, పదిహేను దినాల్ల దేశం ఇడిచిపోవాలె. మూడేండ్ల పిల్ల ఉన్నది మాకు. అది ఈడ పుట్టింది, తల్లి పాస్‌పోర్టుల దాని పేరు లేదు. అంటె తల్లి పోవాలె, పిల్ల ఉండాలె. గిదీ వాళ్ల ఇన్సాఫ్. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్క తినా తిననియ్యదన్నట్టు, పెండ్లి మీద విసా ఇచ్చింది వాళ్లే, పెండ్లాం లేదన్నది వాళ్లే.

ఆమెను తీసుకొని ఉరికిన. ఒక దినం బెంచి మీద కూసోబెట్టి, సాహెబ్ మీటింగ్ల ఉన్నడు, "ఉద్యా యా" అన్నరు. రేపు రా అనుడు ఎంత అల్కగ అంటరో! ఉన్నయే పదిహేను రేపులు. మర్నాడు సాహెబ్ కాడికి పోనిచ్చిండ్రు. ఆయన నా మొఖం చూసి అడిగిన మొదటి మాటేందో తెలుసా? "నీకు రెండు పెండ్లాలా?"

"లేదు సాహెబ్, ఒక్కతే."

"మరి ఇంట్ల ఉన్నామె అస్సామామె. పాస్‌పోర్టుల ఉన్నామె ఏడికి పోయింది? ఏడ దాసినవు?"

ఆమె నా పక్కనే నిలబడ్డది. "మీచ్ తీ, సాహెబ్" అన్నది. ఆమెను నేనే అని. ఆయన నవ్విండు. ఫోటో చూసిండు, మెడదాక ఎంటికలు, బోడి నుదురు. ఈమెను చూసిండు, ఇంత బొట్టు, జడ, ముక్కుపుడక. "మరాఠీ నీకంటె మంచిగ మాట్లాడుతుంది, థాయ్‌లాండ్ అంటవా?" అని నన్ను అడిగిండు. నాకు సర్రున ఎక్కింది. టేబుల్ మీద గుద్దిన. "సంతకం పెట్టిచ్చి చూడుండ్రి సాహెబ్! గా రాత అస్సాంల ఎవ్వనికన్న అస్తదేమో చూస్త!" అని ఒర్లిన. హవల్దార్ నా రెక్క పట్టిండు. ఆమె మాత్రం నిమ్మళంగ పెన్ను తీసుకొని వాళ్ల లిపిల సంతకం పెట్టింది. సాహెబ్ పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసిండు.

"నాకు నమ్మకం కుదిరింది," అన్నడు ఆఖరుకు. "ఫైలుకు కుదరది. అదే ఐదుగురు మళ్లచ్చి మేం తప్పు చెప్పినమని రాసియ్యాలె. మీ ఇంటి పెద్ద గుడ రావాలె. లేకుంటె నా చేతుల ఏం లేదు."

ఇంటికొచ్చి అమ్మ మీద పడ్డ. అన్నేండ్లల్ల ఎన్నడు అమ్మతోని గట్ల మాట్లాడలే. "నీ అబద్ధానికి నా పెండ్లాం పోవాల్నా? తలుపు చాటున నిలబడి చూసినవు గదనే, నోట్ల మన్ను పోసుకున్నవా?" అన్న. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఒక్కటే మాట, "చెల్లె కాపురం కూలుతదిరా, ఇయ్యపోళ్లకు ఎరుకైతె ఏం మొఖం పెట్టుకోవాలె?" చెల్లె కాపురం కనబడుతుంది, నాది కనబడ్తలేదు! గోడకున్న అద్దం తీసి నేలకు కొట్టిన. పిల్ల జడుసుకొని ఏడ్సింది.

ఆమె పిల్లను ఎత్తుకున్నది. అటుక మీదికెళ్లి ట్రంకు దింపి, కొంగుతోని దుమ్ము తుడుసుకుంట అన్నది, "ఇది నా చెయ్యి పట్టుకోకుంటె పడుకోదు. నేను పోయినంక అత్తమ్మ చెయ్యి ఇస్తదా? అడుగు." అక్కడ నిలబడలేక ఎదురుంగ కాకా దుకాణంలకు దుంకిన.

గిరాకీ ఉన్నరని గుడ చూడలే. "నీకేం అన్యాలం చేసిన కాకా? నా ఇల్లు కూల్చినవు గద!" అని గిన్నెలు మోగెటట్టు ఒర్లిన. కాకా గిరాకీని పంపిచ్చి, నన్ను గద్దె మీద కూసోమన్నడు. కూసోలే. నిలబడే అంత చెప్పిన. విసా, గడువు, పంచనామా, పదిహేను దినాలు. ఆమె అస్సాం పిల్ల కాదని చెప్పేటప్పుడు సిగ్గుతోని నా తల కిందికి పోయింది.

"ఎరుకనే" అన్నడు కాకా.

"ఏం ఎరుక?"

"అస్సాం కాదని. అచ్చిన నెలలనే అడిగిన, మీది అస్సాంల ఏ దిక్కు బిడ్డా అని. అప్పటికి మాట రాకపాయె, సముద్రం పక్కకని చేతులతోని అలలు చూపెట్టింది. అస్సాంకు సముద్రం ఏడిదిరా? గల్లీ మొత్తానికి ఎరుక. మాకు ఎరుకని మీ అమ్మకే ఎరుకలే."

నేను ఆగమైపోయిన. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు నాలుగేండ్లు మేం చేసింది గిదా?

"మరి హవల్దార్‌కు గట్లెందుకు చెప్పిన్రు?"

"పోలీసోడు గల్లీల నిలబడి, మీ తాన పరదేశీ ఉన్నదా అంటె, ఉన్నదని ఏలు పెట్టి చూపిస్తమారా? మన పిల్లను మనమే పట్టిస్తమా? తీసుకపోనీకే అచ్చిండనుకున్న. నోరు జారొద్దని మిగిలినోళ్లకు నేనే కన్ను కొట్టిన." కాకాకు గుడ కోపమచ్చింది అప్పుడు. "ఏడాదికోసారి గీ కచేరి తిప్పలున్నదని ఎన్నడన్న చెప్పినవా? మేం పరాయోళ్లమా? అరువై దాటినంక నాతోని దొంగ సాక్ష్యం చెప్పిచ్చినవు గదరా!"

ఎవల మీద ఒర్లాలె ఇగ? ఆమెను కాపాడనీకే ఆమె మెడ మీద కత్తి పెట్టిండ్రు మా గల్లీ పెద్దమనుషులు. గిసొంటి మంచితనం మా ఇత్వారాల తప్ప ఇంకేడ దొరుకది.

"ధర్మాబాదోళ్లకు తెలిస్తె చెల్లె కాపురం..." అని గొణిగిన.

"మీ ఇయ్యంకునికి చూపుల నాడే నేను చెప్పిన. అబద్ధం మీద పిల్లను ఇచ్చుడు మంచిది గాదని. ఆయనేమన్నడో తెలుసా? మీ కోడలు మస్తు కుడుతదట గద, మా పిల్లకు గుడ నేర్పియ్యుమను అన్నడు."

కాకా నా ఎంబడే వచ్చి, మా వాకిట్ల నిలబడి అమ్మకు గివే మాటలు చెప్పిండు. అమ్మకు సిగ్గు కాలే, దుఃఖం రాలే, పట్టరాని కోపమచ్చింది. "ఓయమ్మో! నాలుగేండ్లు నేను అస్సాం ముచ్చట చెప్తుంటె ఊకొట్టుకుంట ఇన్నరా? నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రా? మీ నోళ్లు పడిపోను!" అని కాకాను, వాడకట్టును, చచ్చిన బాపును గుడ కలిపి తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి, మొఖం కడుక్కొని, పెట్టెలకెళ్లి మంచి చీర తీసి కట్టుకున్నది. "నడువుండ్రి, ఏడనో ఆ కచేరి" అన్నది.

పదకొండో దినం ఐదుగురు పెద్దమనుషులు, అమ్మ, మేం ముగ్గురం సాహెబ్ ముంగట నిలబడ్డం. కాకా అందరి దిక్కుకెళ్లి తనే తప్పు ఒప్పుకున్నడు. సాహెబ్ కోపం చేసిండు, కేసు పెడ్తనని బెదిరిచ్చిండు, మళ్ల రాసుకున్నడు. తర్వాత అమ్మను అడిగిండు, "మీ కోడలు అసలు పేరు చెప్పుండ్రి."

అమ్మ నా దిక్కు చూసింది. ఆమె దిక్కు చూసింది. "నాకు రాదు సాహెబ్" అన్నది.

"నాలుగేండ్ల సంది ఇంట్ల ఉన్న పిల్ల పేరు తెల్వదా?"

"అడగలే" అన్నది అమ్మ. ఆ మాట మాత్రం సన్నగ అన్నది.

సాహెబ్ పాస్‌పోర్టు చూసుకుంట చదివిండు. అమ్మతోని రెండు మూడు మాట్లు అనిపిచ్చిండు. కాయిదం మీద అమ్మ సంతకం చేసింది. పాస్‌పోర్టు మీద ఇంకొక్క ఏడాదికి ఠప్పా పడ్డది.

పోయేటప్పుడు సాహెబ్ నన్ను పిలిచి ఒక ఫారం చేతుల పెట్టిండు. "ఏటేటా గీ తిప్పలెందుకు? ఇండియావాలా పెండ్లామే గద. పౌరసత్వానికి అర్జీ పెట్టు. ఆ దేశం పాస్‌పోర్టు ఇడిసిపెడితె చాలు, ఇగ మా మొఖం చూసే పని లేదు." దేవుడు అడ్రస్ తప్పి పోలీసు బట్టలల్ల అచ్చిండనుకున్న. ఇంటికొచ్చి అన్నం గుడ తినకుండ ఫారం నింపుడు షురూ చేసిన. ఆమె పిల్లకు తల దువ్వుకుంట చూసింది. సగం నింపినంక, అచ్చి కాయిదం మీద చెయ్యి పెట్టింది.

"ఒద్దు" అన్నది.

"ఏమొద్దు?"

"ఆ పాస్‌పోర్టు పుస్తకం ఇయ్య."

నాకు మళ్ల లేచింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? మొన్నటిదాక ట్రంకు దింపి కూసున్నవు. మళ్ల వచ్చే ఏడు వాళ్ల బెంచీలు తుడుద్దామా? మళ్లొక కొత్త సాహెబ్ అస్తె ఏం చేస్తవు? పిల్లను ఇడిచిపోతవా?" పక్కింటికి ఇనబడేటట్టు ఒర్లిన.

ఆమె నా ఒర్లుడు అయిపోయేదాక ఆగింది. అటెన్క నాకు లెక్క చెప్పినట్టు చెప్పింది. "కచేరికి పోయిన దినం గుమస్తా బయటికొచ్చి గట్టిగ నా పేరు పిలుస్తడు. మా అమ్మ పెట్టిన పేరు. సక్కగ రాదు ఆయనకు, అయినా పిలుస్తడు. నేను లేసి నిలబడ్త. ఏడాదికి ఒక్క దినం. ఆ పుస్తకం ఇచ్చేస్తె గా ఒక్క దినం గుడ ఉండదు."

బ్యాంకాక్‌ల ఉన్నప్పుడు ఆ పేరు దినానికి యాభై మాట్లు పిలిచిన. ఎదురుంగ కొట్టుకు ఇనబడేటట్టు సడక్ మీదికెళ్లి పిలిచిన. ఈడికొచ్చినంక "ఇగో" అంట, "ఇంటున్నవా" అంట. మా తాన మొగడు పెండ్లాన్ని పేరు పెట్టి పిలుస్తె నలుగురు నవ్వుతరు.

"గంతేనా? నేను పిలుస్త" అన్న.

"పిలువు" అన్నది.

నోరు తెరిచిన. పేరు నాలిక మీదనే ఉన్నది. పక్క అర్రల అమ్మ గాజుల సప్పుడు ఇనబడ్డది. ఆమె నా మొఖం చూసుకుంట నిలబడ్డది, పిల్ల గుడ చూస్తుంది. నేను పిలువలే.